దొర కోసం చేసిన పెట్టె

హలో… ఆ, నేనే.

పొద్దున ఆరు గంటలకి బావ బూటులో పిల్లి ఉచ్చ పోసింది.

…కుడికాలు బూటు.

…సరే, ‘పోసింది’ అనను. దొర పోసినాడు. చాలా? పిల్లికి ఆ పేరు పెట్టినదానివి నువ్వు, మర్యాద తప్పేది నేను.

…లేదు పాపా, దొర ఉచ్చకని నేను చేసిన పెట్టెలో పోయలేదు. పెట్టె పక్కనే బావ బూట్లు విడిచి ఉండాడు. దొర పెట్టె దాకా వచ్చినాడు. వాసన చూసినాడు. చుట్టూ తిరిగినాడు. మళ్ళీ వాసన చూసినాడు. బూటు కాడికి పోయినాడు. నేను వాకిట్లో పళ్ళు తోముకుంటా ఉండా. నోట్లో పుల్ల ఉండాది, అరిచేదానికి లేదు.

…అరవలేదు. బావ అరవలేదు. అదే నాకు భయమేసింది. బూటు ఎత్తి చూసినాడు. బోరింగు కాడికి పోయి కడుక్కోని వచ్చినాడు. అరుగు మీద ఎండకి పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఇప్పటికీ ఆడే ఉండాడు. ఈ అంగట్లో నిలబడితే కనపడతా ఉండాడు.

…పెంచలనరసయ్యన్న ఎరువులంగడి. ఈ నెంబరు ఆయనదే గదా, మనకి ఫోను యాడిది. అన్న కేకేస్తే వచ్చినా. …ఏమీ అనుకోడు. అన్నా, ఏమన్నా అనుకుంటావా? …అనుకోడంట. ఎదురుగా కూర్చోని వింటా ఉండాడు.

…ఇంక దాపరికం ఏముంది. పెండ్లయిన నెలకే గుడ్డలు సర్దుకోని నర్సుల హాస్టలుకి పోతివి. పిల్లినీ పెట్టెనీ బస్సులో నా కాడికి పంపిస్తివి. ఏందయ్యా యేసురత్నం, నీ చెల్లెలు ఎందుకు పోయిందని ఊళ్ళో అందరూ అడిగితిరి. పిల్లి ఉచ్చ కోసం అని చెప్పినా. ఎవురూ నమ్మలేదు. అసలు సంగతి దాస్తా ఉండానని అనుకుంటా ఉండారు. పాస్టరుగారైతే ఇంటికొచ్చి, శాంతికుమార్ తాగుతాడా అని మెల్లిగా అడిగినాడు. కాఫీ కూడా తాగడని చెప్పినా.

…తెలుసులే. దొర లేని ఇంటికి నువ్వు పోవు. బావ మాటా తెలుసు. కొత్త పరుపు మీద పోసినాడు, కొత్త చీర మీద పోసినాడు, ఇంటి ఓనరు వచ్చి కూర్చునే కుర్చీలో పోసినాడు. ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు. దొర పెట్టెలో పోసేది కళ్ళతో చూస్తే ఆత్మకూరికి, మీ ఇంటికి తీసుకోని పోతాడు. లేకుంటే ఈ మధ్యాన్నం బద్వేలు లారీ ఎక్కించి, మర్రిపాడులో వాళ్ళ చిన్నాయన మేకలదొడ్డి కాడ దింపిస్తాడు. డ్రైవరుతో మాట్లాడుకోనే వచ్చినాడు.

…ఏడవబాక. హాస్టల్లో వింటారు.

…నీ వెనక ఎవురన్నా ఉండారా ఫోనుకి? …ఉంటే ఉండనీ.

…చేసినా పాపా. నువ్వు చెప్పినయ్యన్నీ చేసినా. పెట్టె దినామూ కడిగినా. ఎండబెట్టినా. నూనె పట్టించినా.

…నూనె ఎందుకంటే, చెక్క పగలకుండా. నేను చేసే చెక్క గరిటెలకి పట్టించమా? అట్టనే.

…పొట్టు కూడా మార్చినా. మామూలు రంపంపొట్టు కాదు, దేవదారిది. ఆ చెక్క చెక్కతా ఉంటే వీధి చివర దాకా వాసన పోతుంది. నెల్లూరు నుంచి చెమ్చాలు కొనను వచ్చినాయన బీరువాలో పెట్టుకోను కొంచెం ఇయ్యమన్నాడు. ఇయ్యలేదు. దొరకే పోసినా.

…అట్టా కాదు, విను. పెట్టె మరీ సాదాగా ఉండాదేమో, అందుకే నచ్చలేదేమో అని మొదట అనుకున్నా. అంచుకి తీగ చెక్కినా. …నాలుగు పక్కలా. …పూలు కూడా. తీగ చెక్కితే పూలు లేకుండా ఎట్టా. ఆ పూట అవ్వ దుప్పటి మీద పోసినాడు.

…తర్వాత, చాటు లేదేమో, సిగ్గు పడతా ఉండాడేమో అని చిల్లుల జాలీ కోసి చుట్టూ పెట్టినా. పైన గోపురం మాదిరి కప్పు పెట్టినా. …ఆ, మన చర్చి మాదిరే వచ్చింది. కావాలని చెయ్యలేదు, చెయ్యి అట్టా పోయింది. పాస్టరుగారు చూసి, శిలువ మాత్రం పెట్టబాకయ్యా అన్నాడు. పెట్టలేదు. దొర వడ్లబస్తా మీద పోసినాడు.

…మెట్లా? మీ వదిన చెప్పిందా? పెట్టినా. ఎక్కను ఎత్తుగా ఉండాదేమో అని మూడు మెట్లు పెట్టినా.

…ఎక్కినాడు. ఎక్కలేదని నేను అనలేదు. మూడు మెట్లూ ఎక్కినాడు. పైన నిలబడినాడు. లోపలికి తల పెట్టి చూసినాడు. అట్టే వెనక్కి తిరిగి, ఆడ నుంచే కిందికి పోసినాడు.

…నవ్వబాక. జనం వచ్చి చూసి పోతా ఉండారు ఆ పెట్టెని. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా, దేవుడిపటం పెట్టుకోను ఇట్టాంటిదే ఒకటి చేసి పెట్టమన్నాడు. పిల్లి ఉచ్చకని చెప్తే, ఇష్టం లేకుంటే లేదని చెప్పు, ఎగతాళి ఎందుకని పోయినాడు.

…చూపించినా. పశువులాసుపత్రికి సంచిలో ఎత్తుకోని పోయినా. డాక్టరు నవ్వలేదు. బల్ల మీద పెట్టి పొట్ట నొక్కి చూసినాడు. ఉచ్చకి ముక్కతా ఉండాడా, అరస్తా ఉండాడా, రక్తం పడతా ఉండాదా అని అడిగినాడు. మగపిల్లికి ఉచ్చ బిగిస్తే ప్రాణానికే మోసమంట, అందుకని అడగాలంట. ఏమీ లేవన్నా. ధారగా వస్తా ఉండాదా అన్నాడు. నేను చెప్పేలోపల ఆయన చొక్కా మీద వచ్చింది. ధారగానే ఉండాదని ఆయనే అన్నాడు. రోగం లేదు, ఇంట్లో ఏం మారిందో చూసుకోమన్నాడు.

…అదే నేనూ చెప్పినా. ఇంట్లో మారిందేమీ లేదు సార్, మొగుడొచ్చినాడు అంతే అని.

…అవ్వ కూడా అదే అంటా ఉండాది. మనిషి గిట్టకుంటే పిల్లి అట్టా చేస్తుందంట. దొరకి బావంటే గిట్టలేదంట.

…ఆ, బావ విన్నాడు. రాత్రి అన్నం కాడ అనింది అవ్వ. ఆమెకి చెవుడు గదా, మెల్లిగా అంటా ఉండానని అనుకోని గట్టిగా అనింది.

…లేచి చెయ్యి కడుక్కున్నాడు. పాపా, ఒక సంగతి చెప్తా. ఆయన నీకు చెప్పి ఉండడు. నిన్న వచ్చేటప్పుడు దుత్తలూరులో బస్సు దిగి, దొర కోసం ఎండుచేపలు కొన్నాడు. ఆ బస్సు పోయింది. ఇంకో బస్సు దాకా ఆడే నిలబడినాడు. వచ్చి కింద కూర్చోని, ఒక్కొక్క చేప తల తుంచి పెట్టినాడు. దొర తిన్నాడు. తిని ఆయన ఒళ్ళో పడుకున్నాడు. బావకి కాలు తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు. తెల్లారి లేస్తే బూటు.

…అడిగినా. లారీ మాట ఖాయమేనా అని అడిగినా. ‘ఇంకేం చెయ్యను బావా. అది నన్ను ఒప్పుకోలేదు’ అన్నాడు. అంతే అన్నాడు.

…ఉండు, అన్న ఏందో చెప్తా ఉండాడు. …పోసినకాడ దాని ముక్కు పెట్టి రుద్దాలంట. …వద్దులే అన్నా. నీ ముక్కు యూరియా బస్తాకేసి రుద్దితే రేపు అంగడి తెరుస్తావా? …తెరవడంట.

…ఎప్పటి నుంచా? నన్నడుగుతావేంది, మొదలైంది నీ కాడే గదా. …పెండ్లి తర్వాత. బావా అదే అంటా ఉండాడు, పెండ్లి తర్వాతే అని.

…పెండ్లికి ముందు, ఆత్మకూరులో నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు, దేంట్లో పోసేవాడు? …ఓటి బేసిన్లోనా. …సొట్టలు పడిందా. ఏం వేసేదానివి దాంట్లో? …ఏటి ఇసక.

…ఒక్కసారి కూడా బయట పోయలేదా?

…మరి ఆ బేసిను ఏమాయె?

…నేను పెట్టె తెచ్చినానని పారేసినావా.

…ఆ. పెండ్లి కానుక. అవును. ఊరందరి పెండ్లిళ్ళకీ గరిటెల సెట్టు ఇస్తా ఉండా. నా చెల్లెలికి ఇంకెవురూ ఇయ్యనిది ఇయ్యాలనుకున్నా. నీకు దొర మీద ప్రాణం గదా అని.

…ఏంది, చెప్పు.

…చెప్పు పాపా. ఏమీ అనుకోను.

…

…

…ఎప్పటి నుంచి అనుకుంటా ఉండావు, తప్పు పెట్టెదేనని?

…హాస్టలుకి పోక ముందే. మరి చెప్పొచ్చు గదా.

…నేనెందుకు బాధ పడతా.

…పడను.

…పడలేదు. ఎరువులంగడి గదా, ముక్కు కారతా ఉండాది.

…వాసనా? దేవదారి వాసన మంచిది గదా. …మనకి మంచిది. దొర ముక్కు వేరే. …అయితే నేను నూనె పట్టించే కొద్దీ… …ఆ. కొత్త పొట్టు పోసే కొద్దీ… …ఆ. …తీగ సంగతేంది? …తీగ దొర చూడనే లేదా. పూలు కూడానా.

…కప్పు కూడా తప్పేనా. …కూర్చున్నప్పుడు ఎవురొస్తా ఉండారో చుట్టూ కనపడాల. సరే. చాటు కోసమని నేను జాలీ కోస్తే, ఆయనకి అది బోను మాదిరి ఉండాది. సరే.

…పాపా, ఒక మాట అడుగుతా. నన్ను నొప్పించగూడదని నువ్వు మొగుణ్ణి వదిలిపెట్టి హాస్టల్లో కూర్చున్నావా?

…అట్టా కాదంటే, మరి ఎట్టా? …ఖాయంగా తెలీదా. పెట్టె కాకుండా నిజంగా బావంటేనే గిట్టలేదేమోనని నీకూ భయమా.

…అయితే తేల్చుకుందాం. లారీ ఇంకా రాలేదు. నువ్వు పెట్టేయబాక.

అన్నా, నీ అంగడి వెనక కట్టుబడికి తోలిన ఏటి ఇసక ఉండాది గదా, ఒక తట్టెడు కావాల. …తట్ట కూడా. …కడగబాక, అట్టే ఇయ్యి. …పిల్లికి. …చెప్తాలే.

బావా… ఓ శాంతికుమార్ బావా… ఒకసారి ఇట్టా రా.

…వస్తా ఉండాడు పాపా. ఒక కాలికి బూటు ఉండాది, ఒక కాలికి లేదు.

…తట్టకి ఇసక ఎత్తుకున్నాడు. ఏంటికని అడగలేదు. …లేదు, నేను మోస్తానన్నా ఇయ్యలేదు. నాకు ఈ ఫోను తీగ యాడి దాకా వస్తుంది. గుమ్మం దాకా లాగి నిలబడి ఉండా. అన్న ఫోను డబ్బా పట్టుకోని ఉండాడు.

…అరుగు మీద పెట్టినాడు. …పెట్టె పక్కనే పెట్టినాడు. …పక్కన ఉండగూడదా. చెప్తా.

బావా, పెట్టె లోపలికి తియ్యి. …ఆ, పెట్టెనే. నేనే చెప్తా ఉండా, తీసెయ్యి.

…తీసినాడు. ఇద్దరు మోయాల్సింది, ఒక్కడే మోసినాడు. మెట్లు ఊడినాయి. పర్వాలేదు.

…దొర ప్రహరీ మీద ఉండాడు. చూస్తా ఉండాడు. …బావ స్తంభం పక్కన నిలబడి ఉండాడు. …చెప్పినా, మాట్లాడొద్దని. ఆయన మామూలుగానే మాట్లాడడు.

…దిగలేదు.

…లేదు.

…దిగినాడు. అరుగెక్కినాడు. పెట్టె ఉన్నకాడ వాసన చూస్తా ఉండాడు. …తట్ట కాడికి పోయినాడు. ఒక కాలు పెట్టినాడు. …తీసినాడు.

…ఏమో, ఇసక వేడిగా ఉండాదేమో. …బావ జరిగి ఎండకి అడ్డం నిలబడినాడు. నేను చెప్పలేదు, ఆయనే నిలబడినాడు.

…మళ్ళీ పెట్టినాడు. నాలుగు కాళ్ళూ లోపల ఉండాయి. గుంట తీస్తా ఉండాడు. ఇసకంతా బావ పంట్లాం మీద పడతా ఉండాది. బావ కదల్లేదు.

…కూర్చున్నాడు.

…ఉండు.

…ఉండు పాపా. ఊపిరి తీసుకో, నువ్వు ఉండావో లేదో తెలీట్లేదు నాకు.

…పోసినాడు. తట్టలోనే. …బయట చుక్క లేదు. అన్న కూడా చూసినాడు. …కప్పెడతా ఉండాడు. ఒకసారి కాదు, తిరిగి తిరిగి కప్పెడతా ఉండాడు.

…బావ అట్టే కూర్చున్నాడు కింద. …లేదు, ఏడవలేదు. నాకు ఈడికి కనపడేది వీపే. దొర పోయి ఆయన మోకాలికి తల రుద్దతా ఉండాడు.

…ఆ శబ్దం లారీదే. వచ్చింది. హారన్ కొడతా ఉండాడు. …బావ లేవలేదు. చెయ్యి ఊపినాడు, పొమ్మని. …డ్రైవరు ఏందో అంటా ఉండాడు. …పోయింది. మలుపు కూడా తిరిగింది.

…పెట్టె సంగతి ఇప్పుడెందుకు. అవ్వ దాంట్లో ఉల్లిగడ్డలు పోస్తా ఉండాది. …లేదు పాపా, మంచిదే. జాలీకి గాలి తగులుతుంది, కుళ్ళవు.

…బావ ఇటే వస్తా ఉండాడు. దొర ఒక చేతిలో, తట్ట ఒక చేతిలో. ఫోను ఇస్తా, మాట్లాడు.

…తీసుకోడంట. చేతులు ఖాళీ లేవంట. …తట్ట కింద పెట్టమన్నా, పెట్టడు. ఒకటి అడగమంటా ఉండాడు నిన్ను. ఆత్మకూరులో ఏటి ఇసక యాడ తెచ్చేదానివని.

…హలో.

…పాపా.

కట్టయింది బావా.