యాభై దాటకూడదు

(మెడికల్ సీటు వచ్చే అవకాశం ఎంతో అంచనా వేసి చెప్పే ఆఫీసు. బల్లకి అవతల మాస్టారు. ఇవతల ఒక తల్లి, ఐదేళ్ళ కూతురు.)

"గొప్పలు వద్దమ్మా. గొప్పలు అందరూ చెబుతారు. నా అంచనా అంతా లోపాల మీదే. పిల్లలో ఉన్న లోపాలు చెప్పండి, పెద్దయ్యాక మెడికల్ సీటు వచ్చే అవకాశం నూటికి ఎంతో నేను చెబుతాను."

"లోపాలా? అమ్మయ్య! అంటే... అయ్యో. చాలా ఉన్నాయి మాస్టారూ. నిన్నంతా కూర్చుని గుర్తు చేసుకున్నాను."

"ఇంత ఉత్సాహంగా వచ్చిన తల్లిని నేను చూడలేదు."

"ఉత్సాహం కాదండీ, భయం. నాకు భయమేస్తే మాటలెక్కువ. ముందు ఒకటి చెప్పండి. మీ అంకె చూసి పిల్లల్ని చేర్చుకునే ఆ హాస్టల్ బడి ఉంది కదా, ఎంత వస్తే వాళ్ళు దీన్ని తీసుకుంటారు?"

"యాభై దాటితే చాలు. ఇప్పట్నుంచే మెడిసిన్‌కి తయారుచేస్తారు. వారం తిరక్కుండా వ్యాను పంపి తీసుకెళ్తారు. సెలవులకి కూడా పంపరు, ఏకాగ్రత చెడుతుందని. ఇంక మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

"నిశ్చింతగా... ఆఁ. యాభై దాటకపోతే?"

"ఏముంది, ఇంట్లోనే. అమ్మ కొంగు పట్టుకు తిరగడమే."

"అయ్యో పాపం. సరే, రాసుకోండి. దీని చేతిరాత ఘోరం. 'అ' రాస్తే బొద్దింక వెల్లకిలా పడి కొట్టుకుంటున్నట్టుంటుంది."

"ఎవరికీ అర్థం కాదా?"

"రాసిన దానికే అర్థం కాదు."

"శభాష్! ముప్ఫై."

"ఏమిటి ముప్ఫై?"

"నూటికి ముప్ఫై. మందుల చీటీ రాసే చెయ్యమ్మా అది! నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి. ఇంకోటి?"

"ఉండండుండండి. నిద్ర! ఇది నిద్రపోదు. మేమందరం గుర్రు పెడుతుంటే కళ్ళు మిటకరించుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది."

"నైట్ డ్యూటీ. నలభై రెండు."

"అదికాదు మాస్టారూ, పిలిస్తే పలకదు. పిలిచిన గంటకి వస్తుంది. వచ్చి నిలబడి, 'ఏంటి, తొందరగా చెప్పు' అంటుంది."

"అంటుందా? ఆ మాటే అంటుందా?"

"అక్షరాలా."

"అరవై. పిల్ల అప్పుడే రౌండ్లకి వెళ్తోందన్నమాట."

"అబద్ధాలు! అబద్ధాలు కూడా ఆడుతుందండీ. మొన్న పక్కింటి పిల్లాడి కాల్లో ముల్లు గుచ్చుకుంటే, 'నొప్పి లేదు, ఏం నొప్పి లేదు' అంటూ లాగి లాగి సగం ముల్లు లోపలే వదిలేసింది."

"తర్వాత?"

"వాడు ఏడుస్తుంటే, 'రేపు మళ్ళీ రా' అంది."

"డెబ్భై ఎనిమిది!"

"అమ్మా, నేను ముల్లు తీశాను. సగం."

"నువ్వు మాట్లాడకు పిచ్చుకా. నీ మంచికే చెబుతున్నాను. మాస్టారూ, ఇది అసలు సంగతి, దీనికి మీరేమంటారో చూస్తాను. రక్తం! రక్తపు చుక్క కనబడితే చాలు, కళ్ళు తిరిగి దభీమని పడిపోతుంది."

"ఎవరు?"

"ఇదే. ఇంకెవరు?"

"నేను కాదు, అమ్మ పడిపోతుంది."

"నిన్ను మాట్లాడొద్దన్నానా?"

"మాట్లాడనివ్వండమ్మా. ఏమ్మా చిట్టితల్లీ, అమ్మ పడిపోతే నువ్వేం చేస్తావు?"

"మొహం మీద నీళ్ళు కొడతా."

"భయం వెయ్యదూ?"

"భయం అమ్మకి కదా."

"తొంభై మూడు! అమ్మా, నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు వెళ్ళారు, ఇలాంటి అంకె రాలేదు. ఇటు రండి, కరచాలనం చేద్దాం. అదేమిటి, మొహం అలా పాలిపోయింది?"

"కొంచెం... తగ్గించరూ?"

"ఏమన్నారు?"

"నలభై తొమ్మిది చెయ్యండి మాస్టారూ. నలభై తొమ్మిదిన్నరైనా పర్లేదు."

"అందరూ పెంచమని కాళ్ళావేళ్ళా పడతారు. మీకు పిల్ల డాక్టరవడం ఇష్టం లేదా?"

"ఎందుకుండదండీ? అయితే అవనివ్వండి. ఇంట్లోంచి అవకూడదా? నా ఎదురుగా అవకూడదా? దానికి ఇంకా బొత్తాం పెట్టుకోవడమే రాదు. పైది కిందకీ కిందది పైకీ పెట్టుకుని, మెడ వంకరగా నిలబడుతుంది. అక్కడ ఎవరు సరిచేస్తారు?"

"మరి ఇంట్లో ఆ మాట చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? ఆ హాస్టల్ కాగితం ఇంటికొచ్చింది. మా అత్తగారు చదివి, 'బాగానే ఉన్నట్టుందే' అన్నారు. నేను 'మీ ఇష్టం అత్తయ్యా' అన్నాను. ఆవిడ 'నాదేముందమ్మా, కన్నదానివి, నీ ఇష్టం' అన్నారు. మా ఆయన 'మీ ఇద్దరి ఇష్టమే నా ఇష్టం' అన్నారు. అయిపోయింది."

"ఏం అయిపోయింది? ఎవరూ ఏమీ అన్లేదు కదా!"

"మా ఇంట్లో అంతకంటే గట్టిగా ఎవరూ ఏమీ అనరండీ. ఆవిడ ఆ 'బాగానే' అన్న తీరు మీరు వినలేదు. పైగా నేను తొమ్మిదో తరగతితో పుస్తకం మూసినదాన్ని. వద్దంటే, 'తను చదవలేదు సరే, పిల్లనీ చదవనివ్వలేదు' అంటారు. రేపు పెరిగి ఇదీ అదే అంటుంది. ఏ నోటితో వద్దనను? మీరే 'అవకాశం లేదు' అనేశారనుకోండి, ఆ మాట నా నెత్తికి రాదు."

"దొంగ అంకె చెప్పనమ్మా. నా పరువేం కావాలి?"

"అంతేలెండి. పదవే పిచ్చుకా."

"ఆగండి. దొంగ అంకె చెప్పను. కానీ... లోపాలు చెబితే అంకె పెరిగింది కదా. మంచి చెబితే తగ్గుతుంది. నా పద్ధతి అది."

"మరి ఇంతసేపూ చెప్పరేం?"

"తల్లులెవరూ... తల్లులెవరూ నన్నడగలేదు."

"దీని మంచి చెప్పాలా? దీని ఎదురుగానా? చెడిపోదూ?"

"మీ ఇష్టం. తొంభై మూడు."

"చెబుతున్నా చెబుతున్నా! జాలండీ దీనికి. దారిలో చీమలు బారుగా పోతుంటే, ఆఖరి చీమ దాటేదాకా అడుగు వెయ్యదు. బడికి రోజూ ఆలస్యమే."

"జాలా? ఆపరేషన్‌కి కత్తి పడితే చెయ్యి ఆడదు. ఎనభై."

"ఎవరైనా ఏదైనా చెబుతుంటే మొహంలోకే చూస్తూ మొత్తం వింటుంది. మధ్యలో అడ్డు రాదు."

"మొత్తమే? రోగి చెప్పేది మొత్తం వింటే ఆ రోజుకి ఒక్కరినే చూస్తుంది! అరవై ఆరు."

"తెలియకపోతే తెలీదని చెప్పేస్తుంది."

"మొహమాటం లేకుండా?"

"బొత్తిగా."

"అన్యాయం. అలా చెప్పే డాక్టరు దగ్గరికి రెండోసారి ఎవరొస్తారు? యాభై మూడు."

"ఇంకొంచెం... ఇంకొంచెమే కదా. ఏం చెప్పను? గిన్నెలు తోముతుంటే వెనకగా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంటుంది. నీళ్ళు కారుతున్నా వదలదు. ఎందుకే అంటే 'ఊరికే' అంటుంది. ఏమీ అడగదు. అలా కాసేపు పట్టుకుని వెళ్ళిపోతుంది. ఎవరికీ చెప్పలేదిది. చెప్పుకోవడానికి ఏముందిందులో? దీనికి అంకె ఉంటుందాండీ?"

"ఉంటుంది."

"ఎంత?"

"ముప్ఫై ఎనిమిది."

"అంటే?"

"హాస్టల్ వాళ్ళు గేటు కూడా తియ్యరు."

"మాస్టారూ!"

"ఏడవకండి. ఇక్కడ తక్కువ వచ్చినవాళ్ళే ఏడుస్తారు."

"నాకు తక్కువే కదండీ వచ్చింది! ఒక్క ఉపకారం చెయ్యండి. మా అత్తగారికి మీరే ఫోన్ చేసి చెప్పండి. నేను చెబితే నమ్మరు. మెల్లిగా చెప్పండి, పెద్దావిడ, ఎంత ఆశ పెట్టుకున్నారో ఏమో."

"ఆవిడకి నేను చెప్పక్కర్లేదులెండి."

"అదేమిటి?"

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. నా వృత్తి అలాంటిది."

"ఎవరి సంగతి? ఎవరికి?"

"బయట జనం కాసుకుని ఉన్నారమ్మా. వెళ్ళిరండి."

"మాస్టారూ, మీరు నా మొహం చూడట్లేదు. అంకె మారిందా? నిజం చెప్పండి, యాభై దాటిందా?"

"అమ్మా, నేను చెప్పనా?"

"నువ్వుండవే!"

"మొన్న నానమ్మ కూడా నన్ను ఇక్కడికే తీసుకొచ్చింది. 'మీ అమ్మ నిన్ను పంపించేస్తుందిట, వద్దనడానికి నేనెవర్ని' అని ఏడ్చింది. నీకు చెప్పొద్దంది కానీ, నానమ్మ నీకంటే బాగా చెప్పిందమ్మా. ఇరవైకి దించేసింది."