ఆర్ కాదు, ఎన్

అది 1943వ సంవత్సరం. చిత్తూరులో ఒక ఆడపిల్లల బడి వరండాలో, కాణిపాకం నుంచి నడిచి వచ్చిన ఒక యువతి ఇంగ్లీషు టీచరుకు కాగితం చూపిస్తోంది.

“ఇది ఓడ కంపెనీవోళ్లు రాసిన జాబు టీచరమ్మా. మా ఆయన ఓడలో వంట చేస్తాడు. యుద్ధంలో ఆ ఓడను జర్మనీవోళ్లు పట్టుకున్నారంట. ఆయన్ని పూడ్చిపెట్టినారని మా ఊరి అయ్యోరు చదివినారు. రేపు కర్మలు. నా బొట్టూ గాజులూ తీసేస్తారు.”

“మరి ఇంతదూరం ఎందుకొచ్చినావమ్మా?”

“ఇంకొకరు కూడా చదివితే గానీ నా మనసు ఒప్పలేదు.”

“ఏదీ, ఇట్లా ఇయ్యి... మీ అయ్యోరు దీన్ని ‘ఇంటర్డ్’ అని చదివినట్టుండారు. అంటే పూడ్చిపెట్టినారని. ఈడ ఉండేది ‘ఇంటర్న్‌డ్’. ఆర్ పక్కన ఉండేది ఇంకో ఆర్ కాదు, ఎన్.”

“ఎన్ అయితే ఏమవుతుంది?”

“పట్టుకొని శిబిరంలో పెట్టినారని అర్థం. మీ ఆయన బతికే ఉండాడు.”

“ఇంకోసారి చదవమ్మా.”

“రెండుసార్లు చదివినాను. కూర్చో, ముందు కూర్చో. కింద ఇంకో మాట కూడా ఉండాది. రెడ్‌క్రాసు వాళ్ల ద్వారా ఆయనకు జాబు పంపచ్చంట. ఇరవై అయిదు మాటలు మించకూడదు. ఏం రాయమంటావు?”

“ఆయన ఓడెక్కినాక ఆడబిడ్డ పుట్టిందని రాయమ్మా. దానికి రెండేండ్లు వస్తాండాయి. ఆయనొచ్చి పేరు పెడతాడని ఇంకా పాపా అనే పిలుస్తాండాం.”

“రాసినాను. ఇంకా పది మాటలకు చోటుండాది.”

“చాలమ్మా. మిగిలినవి ఆయనొచ్చినాక నేనే చెప్పుకుంటాను.”