తలుపు దగ్గర చెప్పి వెళ్ళమన్న శ్యామసుందరి గారు

రెండు వేల పన్నెండు ఫిబ్రవరి ఆరవ తేదీ సోమవారం నాడు శ్రీమతి శ్యామసుందరి గారు క్రెయిగీబర్న్‌లోని మన కమ్యూనిటీ సెంటర్‌లో పిల్లల కార్యక్రమాల సహాయకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజు వంటగదిలో టీ కాస్తున్నదాన్ని నేనే. నూలుచీర మీద స్వెటరు తొడుక్కుని వచ్చి, పెద్దవాళ్ళకు నమస్కారం పెట్టకముందే చెప్పులు విప్పి పిల్లల చాప మీద కూర్చున్నారు.

కిండర్‌కు, అంటే బడికి ముందటి తరగతికి, వెళ్ళబోయే పిల్లలనూ వారి కుటుంబాలనూ సిద్ధం చేయాలని ఆమె ఆరంభించిన శనివారం ఉదయాల సమావేశాలకు మొదట్లో నలుగురు తల్లులు వస్తే గొప్ప. క్రమేణా పార్కులకూ లైబ్రరీకీ విస్తరించిన ఆ కార్యక్రమాలకు ఆమె సమన్వయకర్త అయ్యారు. లాక్‌డౌన్ నాళ్ళలో రంగులూ కాగితాలూ సంచుల్లో సర్ది ఇంటింటి గుమ్మంలో పెట్టి వచ్చిన దీక్ష ఆమెది. చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు గానీ, నిరుడు జరిగిన ఒక్క ముచ్చట చెప్పి తీరాలి.

శేషగిరి గారు తమ మనవడు రిషిని తీసుకొచ్చేవారు. అటు చెట్టు మీది తెల్ల చిలకను చూపించి, పిల్లవాడు తల తిప్పగానే ఇటు జారుకోవడం ఆయన అలవాటు. మన ఇళ్ళలో అందరం చేసే పనే. దాంతో రిషి ఎవరో ఒకరి చెయ్యి వదిలేవాడు కాదు. తల వంచితే మనిషి మాయమవుతాడేమోనని ఇసుకలో కూడా ఆడేవాడు కాదు. మరోపక్క, మనవణ్ణి చూసుకోవడానికి స్వదేశం నుంచి వచ్చిన తాతగారి వీసా గడువు దగ్గరపడుతోంది. ఆయన తిరిగి వెళ్ళాక రిషి కిండర్‌లో నిలవకపోతే వాళ్ళమ్మ గీతిక హాస్పిటల్ ఉద్యోగం మానుకోవాల్సిందే.

"అన్నయ్య గారూ, వాడికి చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి" అన్నారు శ్యామసుందరి గారు.

"ఆ ఏడుపు చూస్తూ వెళ్ళడం నా వల్ల కాదమ్మా. మీకేం, మీ మనవడా?"

"కాదు కాబట్టే చెప్పగలుగుతున్నా."

ఆయన తలుపు దగ్గర వంగి, "పండ్లు తినడం అయ్యేసరికి వచ్చేస్తాన్రా" అని చెప్పి వెళ్ళారు. హాలు అదిరేలా ఏడ్చాడు పిల్లవాడు. పుచ్చకాయ కోస్తున్న నేను కత్తి పక్కన పెట్టి లేవబోతే, "మీరు కోస్తూ ఉండండి పిన్నిగారూ, పండ్లు అయితేనే కదా తాత వచ్చేది" అని నన్ను కూర్చోబెట్టి, ఆమె వాడి పక్కనే ఉండిపోయారు. బొమ్మ చూపించి మరిపించలేదు. "తాత వస్తానన్నారు" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అన్నారు. కాసేపటికి కిటికీలోంచి శేషగిరి గారి తల కనిపించింది.

"ఇంకా ముక్కలున్నాయి అన్నయ్య గారూ" అని ఆయన్ని వెనక్కి పంపించారు.

పళ్ళేలు ఖాళీ అయ్యాక ఆయన వచ్చారు. ప్రతి శనివారం అలాగే చెప్పి వెళ్ళి, అన్న మాట ప్రకారం తిరిగి వచ్చారు. ఏడుపు సన్నగిల్లింది. ఒకనాడు రిషి ఇసుకలోంచి తలెత్తకుండానే, "గో తాతా, ఐయామ్ బిజీ" అన్నాడు.

"మరీ ఇంత తొందరగా పొమ్మంటాడనుకోలేదమ్మా" అని నొచ్చుకున్నారు శేషగిరి గారు. మేమందరం నవ్వాం, ఆయన మాత్రం కళ్ళు తుడుచుకున్నారు.

ఈ ఏడాది రిషి కిండర్ గేటులో వాళ్ళమ్మ చెయ్యి తనే వదిలి లోపలికి నడిచాడు. గీతిక డ్యూటీకి వెళుతోంది. ఇలా కుదుటపడ్డ ఇళ్ళు ఈ పేటలో ఎన్ని ఉన్నాయో శ్యామసుందరి గారికే తెలియదు.

ఈ డిసెంబరులో పదవీ విరమణ చేసి, హారిసన్‌లోని కుమార్తె చెంతకు వెళుతున్న శ్యామసుందరి గారికి మా అందరి హృదయపూర్వక అభినందనలు. అమ్మా, మీ మోకాళ్ళు నొప్పి ఎరుగకుండా ఉండాలి, కంటిచూపు తగ్గకూడదు. రిషీ వాడి ఈడు పిల్లలూ పెళ్ళిపీటలెక్కే నాటికి మీరు ముందు వరుసలో కూర్చుని, లేచి వెళ్ళి మీ చేత్తో అక్షింతలు వెయ్యాలి.

— కోటమ్మ