శనివారం కుర్చీలు

అధ్యక్ష స్థానంలో ఉన్న హెడ్మిస్ట్రెస్ గారికి, వేదిక మీది పెద్దలకు, వేదిక కింద కూర్చున్న ఇంకా పెద్దవాళ్ళకు, లోపలికి రమ్మంటే "పర్లేదమ్మా, ఇప్పుడే వెళ్ళిపోతాం" అంటూ చివరిదాకా తలుపు దగ్గరే నిలబడే మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

"వక్తలు క్లుప్తంగా ముగించాలని మనవి" అని ఈ మైకులో ఇన్నేళ్ళూ మొత్తుకున్నది నేనే. ఈ రోజు ఆ మాట నాకు చెప్పే ధైర్యం ఎవరికైనా ఉంటే చెయ్యెత్తండి. టైలరుగారూ, దించండి. (నవ్వులు)

ఇంతసేపూ నా గురించి చెప్పిన మంచి మాటలన్నీ విన్నాను. మా అక్క గనక ఇక్కడ ఉంటే "ఎవరి గురించే వీళ్ళు చెప్పేది?" అని నా చెవిలో అడిగేది. ఆవిడ మోకాళ్ళు మొరాయించబట్టే నేను ఈ ఊరు వదిలి ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని వీధులన్నీ తిరిగిన మనిషి, ఇవాళ మంచం మీంచి లేవడానికి నా చెయ్యి అడుగుతుంటే, "నాకు శనివారం సభ ఉంది, కుదరదు" అనడానికి నోరెలా వస్తుంది? రాలేదు. అందుకే వెళ్తున్నాను. అంతేగానీ మీమీద అలిగి కాదు. అలిగినప్పుడల్లా ఇక్కడే ఉండి సాధించాను కదా!

మన బ్యాంకుకు కొత్తగా వచ్చిన మేనేజరుగారు పోయిన శనివారం సాయంత్రం వీధిలోకి చూసి కంగారుపడ్డారట. ఒకాయన నెత్తిమీద కుర్చీ, ఒకావిడ సైకిలు వెనక కుర్చీ, ఆటోలో ముగ్గురు మనుషులూ నాలుగు కుర్చీలూ. "వీధి వీధంతా ఒకేసారి ఇల్లు ఖాళీ చేస్తోందా?" అని అడిగారట. (నవ్వులు) ఆయన కోసం చెబుతున్నాను. ఈ హాలు అప్పట్లో పాత ఇనుప సామాను పోసే గిడ్డంగి. నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే రోజుల్లో, రోజూ క్యూలో ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నిలబడే ఈ ఊరి జనం వారానికొక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటే బాగుంటుందనిపించింది. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా ఈ గిడ్డంగి ఇచ్చారు. కూర్చోవడానికి ఏమీ ఇవ్వలేదు. అప్పుడు ఇదిగో, ఈ టైలరుగారే లేచి, "ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుంటే పోయె!" అన్నారు. చిన్న మాటే. ఆ చిన్న మాట మీదే ఈ సభ ఇన్నేళ్ళు నడిచింది.

అసలు సంగతి తర్వాత మొదలైంది. ఒక శనివారం బస్సు డ్రైవరుగారు తన బస్సెక్కిన వింత మనుషుల గురించి చెబుతూ ఉండగా ఉన్నట్టుండి వాన ముంచెత్తింది. అప్పటి కప్పు మీకు తెలుసు కదా, బయటకన్నా లోపలే ఎక్కువ కురిసేది. చేతికందిన కుర్చీ తలమీద బోర్లించుకుని అందరూ ఇళ్ళకు పరుగు తీశారు. తెల్లారి చూసుకుంటే ఎవరింట్లో ఉన్నది వాళ్ళది కాదు. ఆ వారమంతా ఊళ్ళో ఇదే పని. తలుపు కొట్టడం, "మా కుర్చీ ఏమైనా మీ ఇంటికి వచ్చిందాండీ?" అని అడగడం, "లేదుగానీ, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండి" అనిపించుకోవడం. మెట్టెక్కని గుమ్మాలన్నీ ఎక్కేశారు జనం. ఆ పై శనివారం ఎవరి కుర్చీ వాళ్ళకు అప్పగిద్దామని నేను లేచేసరికి, సగం మంది "వద్దులెండి, ఇదే బాగుంది" అన్నారు. తమదాని కన్నా మంచిది దొరికినవాళ్ళన్నమాట! (నవ్వులు) అప్పటినుంచీ అదే ఆచారం. వెళ్ళేటప్పుడు చేతికి ఏది దొరికితే, ఆ వారానికి అదే మనది.

మందుల షాపు అన్నదమ్ములు నన్ను క్షమించాలి, ఈ ముక్క చెప్పకుండా దిగలేను. ప్రహరీగోడ దగ్గర మాటామాటా పెరిగి ఏళ్ళ తరబడి మాటల్లేవు వాళ్ళకి. ఒక వారం అన్నగారి చేతుల కుర్చీ తమ్ముడింటికి చేరింది. ఆయన దాన్ని వసారాలో పెట్టించి, వారమంతా దానిచుట్టూ తిరిగాడే తప్ప కూర్చోలేదట. చివరికి వాళ్ళావిడ విసిగిపోయి, "కూర్చుంటే కూర్చోండి, లేకపోతే తీసుకెళ్ళి మా బావగారికి ఇచ్చి రండి. నడవడానికి దారి లేదు!" అందట. ఇచ్చి వద్దామని వెళ్ళిన మనిషి రాత్రి భోజనం కూడా అక్కడే చేసి వచ్చాడు. గోడ సంగతి ఇప్పటికీ తేలలేదనుకోండి. ఇవాళ మాత్రం పక్కపక్కనే కూర్చున్నారు. ఏమండీ పెద్దాయనా, నవ్వు ఆపుకోకండి. (చప్పట్లు)

ఇక నా గొంతులో పడ్డ వెలక్కాయ సంగతి. ఇందాక హెడ్మిస్ట్రెస్ గారు నా గౌరవార్థం ఈ హాలుకు కొత్త కుర్చీలు వేయిస్తున్నామని ప్రకటించారు. వరసలుగా, నేలకు బోల్టులు బిగించి. ఇకమీద ఎవరూ కుర్చీ మోసుకు రానక్కర్లేదన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టాక గానీ ఆ బోల్టుల మాట బుర్రకెక్కలేదు. అది చాలదన్నట్టు, "తప్పిపోయిన మీ వస్తువు మీతో పంపిస్తున్నాం" అని దీన్ని తెచ్చి నా పక్కన పెట్టారు.

(పక్కనున్న కుర్చీ మీద చెయ్యి వేసి)

ఇది మా ఆయన కుర్చీ. గడియారాలు బాగుచేసేవారు ఆయన. పనంతా ఇందులో కూర్చునే. దీని ఎడమ చెయ్యి ఇదిగో ఇక్కడ, ఆయన మోచేతి కింద అరిగిపోయింది. సభకు కూడా దీన్నే మోసుకొచ్చేవారు. మరొకరి చేతికి చిక్కనిచ్చేవారు కాదు. వెనక వరసలో వేసుకుని, నేను మైకు పట్టుకోగానే నిద్రపోయేవారు. (నవ్వులు) ఆయన పోయాక ఇది కనబడకుండా పోయిందనీ, ఎవరో పొరపాటున పట్టుకెళ్ళారనీ మీరంతా అనుకున్నారు. వెతికి వెతికి, అరిగిన చెయ్యి చూసి టైలరుగారు ఆనవాలు పట్టారట. మీ మంచి మనసుకు దండం. కానీ ఇది తప్పిపోలేదు. నేనే వదిలేశాను. ఇంట్లో ఇది ఖాళీగా కనబడుతుంటే అన్నం సయించేది కాదు. ఒక శనివారం దీన్నే తెచ్చి ఇక్కడ వేసి, వెళ్ళేటప్పుడు వేరేది పట్టుకుని ఇంటికి పోయాను.

ఆ తర్వాత ప్రతి శనివారం కళ్ళతో దీన్ని వెతుక్కునేదాన్ని. ఒక వారం పోస్టుమ్యాన్ కూర్చునేవాడు, పాపం దీని కాళ్ళు కిర్రుమనేవి. ఒక వారం నిండు చూలాలు, నడుం వాల్చి. ఎవరో కొత్తగా అల్లిక వేయించారు. ఎవరో కాలు అతికించారు. ఎవరో, ఎవరో చెప్పకండి, ఈ పచ్చరంగు కూడా పూశారు. (నవ్వులు) ఎవరిదో తెలియకుండానే నా మనిషి కుర్చీని ఊరంతా సాకింది. ఒక్క శనివారం కూడా ఇది ఖాళీగా లేదు. ఈ రుణం నేను ఎలా తీర్చుకోను?

అందుకని హెడ్మిస్ట్రెస్ గారూ, కోపగించుకోకండి. కొత్త కుర్చీలు వేయించండి, పెళ్ళిళ్ళకూ పరీక్షలకూ పనికొస్తాయి. ఆ బోల్టులు మాత్రం వద్దు. శనివారం పూట వాటిని గోడవారకు జరిపి, జనాన్ని కుర్చీలు మోసుకుని రానివ్వండి. మోసుకొచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోరు, అది నా అనుభవం. ఏమంటారు?

(అధ్యక్షురాలు లేచి, "అలాగే అక్కయ్యా, బోల్టులు వద్దులే" అన్నారు. చప్పట్లు)

బతికించారు. ఈ కుర్చీని నేను తీసుకెళ్ళను. అక్క ఇంట్లో ఇది మళ్ళీ ఖాళీగా ఉంటుంది. ఇక్కడైతే ఉండదు. దీన్ని కిందికి దించి మీ మధ్యలో వేయండి.

అలాగని వట్టి చేతులతో కూడా పోను. ఆచారం ఆచారమే. సభ అయ్యాక చేతికి ఏది దొరికితే అది పట్టుకుని పొద్దున బస్సెక్కుతాను. రేపు ఎవరి కుర్చీ కనబడకపోతే వాళ్ళు మా అక్క ఇంటికి వచ్చి తలుపు కొట్టాలి. కుర్చీ వెంటనే ఇవ్వను. ముందు లోపలికి రమ్మంటాను, కాఫీ ఇస్తాను, ఊరి కబుర్లన్నీ చెప్పించుకుంటాను. వచ్చేటప్పుడు మీరూ ఒక కుర్చీ తెచ్చుకోండి, అక్క ఇంట్లో ఉన్నవి రెండే.

ఇన్నేళ్ళు నా కేకలు భరించినందుకు, నన్ను ఒంటరిదాన్ని కానివ్వనందుకు, మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సెలవు.

టైలరుగారూ, కాస్త లేవండి. మీ కుర్చీ బాగున్నట్టుంది.