పన్నెండో నంబరు

ఆదివారం ఉదయం సింగపూర్‌లోని హౌగాంగ్ ఫ్లాట్‌లో, ఒకే కంపెనీలో పనిచేసే ప్రోగ్రామర్లిద్దరు టీవీలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూస్తున్నారు. చిన్నవాడు వచ్చి మూడు వారాలే అయింది.

“అన్నా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బానే ఆడుతున్నాడు కదా. మాటిమాటికీ వాణ్ణి తీసేసి ఆ పన్నెండో నంబరోణ్ణి దింపుతారేంటి?”

“వాడు బ్యాకప్‌రా. బంతి పట్టుకుని పరిగెత్తాల్సినప్పుడు వాణ్ణి పంపుతారు. అసలోడి చెయ్యి విరిగితే సీజనే పోద్ది.”

“వీడు దిగాడంటే పరిగెడతాడని అవతలోళ్లకి తెలీదా?”

“తెలుసు. అందుకే అందరూ కలిసి మీద పడతారు.”

“మరెందుకు ఒప్పుకుంటాడు?”

“లేకపోతే బెంచీయే. దిగితే కనీసం వాళ్లమ్మ టీవీలో చూసుకుంటది.”

“నేనూ మా అమ్మకి ఫోన్ చేసి చెప్పానన్నా. రేపు రాఫెల్స్ ప్లేస్ బ్యాంకులో డెమో నన్నే ఇమ్మన్నారు.”

“ఆ ప్రాజెక్టు శాలిని మేడమ్‌ది కదా?”

“ఆవిడ రావట్లేదంట. నీకిదే మంచి ఛాన్స్ అన్నారు.”

“ప్రోగ్రాం పనిచేస్తోందా?”

“లేదు. ఇంకో రెండు వారాలు పడుతుందని చెప్పి రమ్మన్నారు.”

“పోయిన నెల, నీ ముందొచ్చిన హరికృష్ణనీ అదే చెప్పి రమ్మన్నారు. బ్యాంకువాళ్లు కేకలేస్తే, తప్పంతా అతనిదేనని వర్క్ పాస్ కేన్సిల్ చేసి ఇంటికి పంపేశారు.”

“...వెళ్లనని చెప్పనా?”

“చెప్తే నీ రిటర్న్ టికెట్ ఇవాళే తీస్తారు.”

“అన్నా, పన్నెండో నంబరోడు లేవట్లేదు.”

“స్ట్రెచర్ తెస్తున్నారులే. అటు చూడు, ఇంకొకడు అప్పుడే హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.”

“...రేపటికి నీ టై ఇస్తావా?”

“తీసుకో. హరికృష్ణ కట్టుకెళ్లింది కూడా అదే.”