కుళాయి మీద కూడా అనుమానమే

తేనె పరీక్షించే ల్యాబు. లోపల గ్లౌజులతో తమ్ముడు, గుమ్మం అవతల అక్క.

“గుమ్మం దాటకక్కా. అక్కడే నిలబడి ఎంత కావాలంటే అంత తిట్టు.”

“తిట్టడానికి రాలేదురా. నా తేనెలో ఏదో దొరికిందన్నావే, ఆ పేరు మళ్ళీ చెప్పు.”

“క్లోరాంఫెనికాల్. తేనెలో పిసరంత కూడా ఉండకూడని మందు. సాయంత్రం రిపోర్టు పెద్దసారు సంతకానికి వెళ్తుంది. ఆ తర్వాత నీ డ్రమ్ములన్నీ పారబొయ్యడమే.”

“తేనెటీగలకి జబ్బు చేస్తే రెండు పెట్టెలు నా చేత్తో నేనే తగలబెట్టుకున్నాను గానీ మందు పెట్టలేదు. నీకు తెలుసు కదా!”

“తమ్ముడిగా తెలుసు. ల్యాబులో తమ్ముడుండడు.”

“అబ్బో!”

“మా ఆవిడా ఇలాగే అంటుంది. నీ కోసం మళ్ళీ చేస్తున్నా, చూడు. ఇదిగో, రెండు గ్రాములు తూచా. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించా. ఇప్పుడు ద్రావకం పోసి కుదిపి, మెషీన్‌లో గిర్రున తిప్పితే మనక్కావలసింది పైకి తేలుతుంది. దాన్ని తీసి ఆరబెట్టి పరీక్షకి పెడతా. ఇంట్లో కాఫీ కలపమంటే స్టవ్వంతా ఒలకబోస్తాను గానీ, ఇక్కడ నా చేతికి తిరుగులేదు.”

“పరీక్షలో నా తేనె ఒక్కటే పోయిందా?”

“ఇవాళ వచ్చినవన్నీ పోయాయి.”

“అన్నీనా?”

“అన్నీ. దొంగలంతా ఒక్కసారే దొరికారని తెగ సంబరపడ్డా. పెద్దసారు భుజం తడతాడని చొక్కా ఇస్త్రీ కూడా చేయించుకున్నా.”

“మంచి తేనె ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తామనేవాడివి?”

“చూశా. అందులోనూ వచ్చింది.”

“వస్తే?”

“దాన్నీ అనుమానించా. బీరువాలో పెట్టి తాళం వేశా.”

“ఏమీ కలపకుండా ఉత్త నీళ్ళు పెట్టి చూడాల్సింది.”

“చూడనా మరి? నేనంత తెలివితక్కువవాడినా?”

“చూస్తే?”

“నీళ్ళలోనూ... వచ్చింది.”

“అప్పుడేం చేశావురా?”

“ప్లంబర్ని పిలిచా.”

“ఓరి దేవుడా! ఈగల్ని అనుమానించావు, నన్ను అనుమానించావు, ఆఖరికి కుళాయిని కూడా. ఒక్క నిన్ను తప్ప!”

“నన్నెందుకక్కా? గ్లౌజులు లేకుండా గరిటె కూడా ముట్టుకోను.”

“నవ్వొస్తోంది గానీ లోపల కడుపు మండిపోతోందిరా. కొనేవాళ్ళు అంటే పడేదాన్ని. సొంత తమ్ముడే నన్ను దొంగని చేశాడు.”

“అలా అనకు. అసలే కన్ను మండుతోంది. ఉండు, చుక్కలు వేసుకుంటా.”

“వాపు ఇంకా తగ్గలేదూ?”

“నీ ఈగ కుట్టిన కన్ను ఊరికే తగ్గుతుందా? గంటకోసారి వెయ్యమన్నాడు డాక్టరు. పొద్దుట్నుంచీ వేసుకుంటూనే ఉన్నా.”

“గ్లౌజులతోనే?”

“తీస్తే మళ్ళీ కొత్తవి తొడుక్కోవాలి. పొద్దున వేసుకున్నవే, శుభ్రంగా ఉన్నాయి.”

“ఆ వేళ్ళతోనే నా తేనె ఉన్న గొట్టానికి మూత పెడుతున్నావు.”

“కాళ్ళతో పెట్టమంటావా?”

“అది కాదురా. ఆ చుక్కల మందు పేరేంటి?”

“పేరెవడు చూశాడు? నీలం మూత సీసా.”

“ఇలా విసురు.”

“ఎందుకు?”

“విసురు ముందు.”

“ఇదిగో, పట్టుకో. పడేశావంటే మళ్ళీ కొనాలి.”

“అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. క్లో... రాం... ఫె...”

“పెద్దసారుకి ఫోన్ నువ్వే కలుపక్కా, రిపోర్టు ఆపమనాలి. నేనింక దేన్నీ ముట్టుకోకూడదు.”