నాంచారమ్మ ఉడతని అత్తారింటికి పంపటం

నాంచారమ్మ అని, వాగుకీ పక్క ఊళ్ళో ఒకామె ఉండేదంట. నోరు పెద్దది, పెట్టే చెయ్యి చిన్నది. మొగుడు పేరయ్య. ఆమె ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ, అంతే ఆయన సంసారం. ఇద్దరు కొడుకులు పుడితే ఇద్దరూ ఇల్లరికం పొయ్యారు. ఎందుకు పొయ్యారని నన్నడగబాకండి, ఆ నోరు పడలేక పొయ్యారనుకో. ఇంక మిగిలింది ముసలాడూ ముసల్దీ, రెండెకరాల ఎర్రనేల చెక్క. ఏటా తొలకరికి శనక్కాయ వేస్తారు. ఆ ఏడు కూడా మంచి మంచి కాయ ఏరి, ఎండబెట్టి, గోతానికెత్తి, మూతి కుట్టి, అటక మీద పెట్టిందంట నాంచారమ్మ. ఆ గోతం ఉంటే పైరు, లేకపోతే చేను బీడు. ముందేడు వానల్లేక ఊళ్ళో అందరి గోతాలూ అంతంతమాత్రమే, ఎవురినడిగినా గింజ పుట్టదు. వాగవతల ఊళ్ళో కాయ ఉంది గానీ, ఆ ఊరోళ్ళు గుప్పెడిచ్చి ఏడాది పొడుగూతా చెప్పుకునే రకం, వాళ్ళనడగటానికి ఈమెకి నోరెట్టా వస్తది చెప్పు.

ఏమైందంటే, ఒకరోజు పొద్దున ఇల్లు ఊడుస్తుంటే చీపురు కింద శనక్కాయ తొక్కలు గలగలమన్నాయంట. ఏందయ్యో, విత్తనం కాయలు తింటన్నావా అని మొగుడి మీదకి లేచింది. "నాకు పళ్ళు యాడున్నయ్యే తినటానికి" అని ఆయన నోరు తెరిచి చూపించాడు. నిజమే, ముందర రెండే ఉన్నయ్యి, అయ్యీ ఊగుతున్నయ్యి. అంతలోకే టప్పున ఒక తొక్క వచ్చి ఆమె నడినెత్తిన పడింది. తలెత్తి చూస్తే, దూలం మీద ఉడత! రెండు చేతుల్తో కాయ పట్టుకోని, తోక ఈపుకి ఆనించుకోని, తీరిగ్గా వలుచుకోని తింటా ఉందంట. నిచ్చెనేసుకోని అటకెక్కి చూస్తే గోతం మూలకి పిడికిలి పట్టేంత బొక్క. నాలుగో వంతు కాయ లేదు. ఇట్టాగే ఇంకో నెల తింటే విత్తనాల నాటికి ఒట్టి గోతమే మిగులుతది.

పేరయ్య కర్ర తీశాడు. "ఆగయ్యో, పాపం మూటగట్టుకుంటావా! దాని ఈపు మీద రాములోరి వేళ్ళున్నయ్యి, కనపళ్ళా? నువ్వు కొడితే ఆయన చేతి మీద కొట్టినట్టే" అందంట. చంపకూడదు, ఉంచకూడదు. పట్టుకోని యాడన్నా వదలాలి. సరే అని ఎలకల బోను తెచ్చి ఎండుచేప గుచ్చి పెట్టాడు పేరయ్య. ఉడత ఎండుచేప తింటదంటే? పిల్లి వచ్చి వాసన చూసి పొయ్యింది, పేరయ్య బొటనవేలు మాత్రం పడింది. తర్వాత గంప బోర్లించి, ఒక పక్క పుల్ల ఆనించి, పుల్లకి తాడు కట్టి, కింద జామపండు పెట్టి, తలుపు చాటున తాడు పట్టుకోని కూచున్నాడు. కూచోని కూచోని కునుకు తీశాడు. ఉడతొచ్చి జామపండు తిని, మూతి తుడుచుకోని పొయ్యింది. మళ్ళీ పెట్టాడు, ఈసారి పక్కింటోళ్ళ పెట్ట పడింది, దాంతో పక్కింటావిడతో తగువొకటి. ఇట్టా కాదని నాంచారమ్మే కొంగు బిగించింది. గుప్పెడు కాయలు వేయించి, బెల్లప్పాకంలో వేసి ఉండ చేసింది. విత్తనం కాయలు గుప్పెడు తియ్యాలంటే ప్రాణం పోయినట్టుంది గానీ తీసింది. ఆ వాసనకి ఉడతేంది, నువ్వయినా వచ్చి గంప కింద కూచుంటావు సుబ్బులూ, నవ్వకు. వచ్చింది, ఉండ పట్టింది, ఈమె తాడు లాగింది. పడింది!

కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, పేరయ్య నెత్తిన పెట్టి, వాగు దాటి అవతల వదిలిపెట్టి రా పొమ్మంది. పేరయ్య బయల్దేరాడు. దారిలో తాటితోపు, తోపులో కల్లు దించే వేళ. ఎండ, వయసు, నెత్తిన బరువు. వాగు దాటితే ఏంది, దాటకపోతే ఏంది, ఉడతకి తెలవొద్దూ అనుకోని ఆడే గుడ్డ విప్పాడంట. ఆయన ముంత ఖాళీ చేసి ఇంటికొచ్చేలోపల ఉడత వచ్చి దూలం మీద కూచోని ఉంది. ఇదేందయ్యా అంటే, "ఇది వేరేదే నాంచారీ, దాని చెల్లెలేమో" అన్నాడు. ఉడతలన్నీ ఒక్క తీరునే ఉంటయ్యి గదా, ఆమె ఏమంటది? మళ్ళీ ఉండ చేసింది, మళ్ళీ పట్టింది. ఈసారి దాని తోకకి పసుపు పూసి పంపింది. పేరయ్య మళ్ళీ తాటితోపు దాకే. ఇంటికొచ్చేసరికి దూలం మీదనుంచి పచ్చతోక ఊగులాడతా ఉంది. "దీని చెల్లెలు కూడా పసుపు రాసుకుంటదా?" అని అడిగిందంట. ఆ రోజు పేరయ్యకి కూడు లేదు.

ఇంక నేనే పోతానంది. మళ్ళీ పట్టింది. కానీ కుండలో పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. రాములోరి బిడ్డని ఇంట్లోనించి ఎళ్ళగొడితే ఇంటికి మంచిదా? అరుగు మీద కూచోని ఆలోచిస్తే ఒక దారి తట్టింది. ఎళ్ళగొడితే పాపం గానీ, ఆడపిల్లని అత్తారింటికి పంపితే పాపమెట్టా అవుద్ది? ఎంత తెలివో చూడు! దాని మెడకి పసుపు రాసింది, నుదుట కుంకం బొట్టు పెట్టింది, ఎర్ర రవికగుడ్డ పీలికొకటి నడుముకి చుట్టింది. ఒట్టి చేతుల్తో ఆడపిల్లని పంపకూడదని అయిదు కాయలు తీసింది, మళ్ళీ రెండు గోతంలో వేసి మూడు కట్టింది. చెప్పాగా, పెట్టే చెయ్యి చిన్నదని.

వాగు దాటితే అవతల రేవులో ఎవురు? మాలకొండమ్మ. ఆ ఊరి ఆడోళ్ళందరికీ పెద్ద. పది మందితో బట్టలుతుకుతా ఉంది. ఏం వదినా, ఎండలో పడి వచ్చావు, కుండలో ఏందీ అంది. మీ ఊళ్ళో వదలటానికి మా ఇంటి పీడని తెచ్చానని చెప్తదా? చెప్తే ఆడే ముంచుతారు. తొణకలా నాంచారమ్మ. "కూతురు వదినా. నాకు ఆడపిల్లల్లేరు గదా, రాములోరు కల్లో కనపడి దీన్ని పెంచుకోమన్నాడు, పెంచుకున్నా. ఇప్పుడు మీ ఊరికి ఇయ్యమన్నాడు, తెచ్చా" అంది. మాలకొండమ్మ గుడ్డ పక్కకి లాగి లోపలికి చూసింది. బొట్టు చూసింది, పీలిక చూసింది, మూడు కాయలూ చూసింది. ఆమెకి తెలవదనుకున్నారా? అంతా తెలిసింది. అయినా రాములోరి పేరు ఎత్తినాక పది మందిలో కాదనగలదా? "మహాబాగ్గెం. మా వాకిట చింతచెట్టు మీద మగ ఉడత ఒకటి ఒంటిగా ఉంది, దానికి చేసుకుంటా. ఇయ్యాల్టినించి ఇది మా ఊరి కోడలు, మనం వియ్యపురాళ్ళం" అని కుండ అందుకుంది. నాంచారమ్మ వాగు నీళ్ళల్లో ఎగురుకుంటా ఇంటికొచ్చిందంట.

నెల తిరిగింది. దూలం మీద చప్పుడు లేదు. గోతం బొక్క కుట్టింది గానీ, పొయ్యిన కాయ పొయ్యిందే గదా. అరెకరం బీడు పడ్డట్టే. ఇంటింటికీ తిరిగింది, ఒక్కరూ సోలెడు కూడా ఇయ్యలా. మబ్బులేమో కమ్ముకొస్తన్నయ్యి. ఎట్టారా దేవుడా అని ఆమె గడపలో కూచోనుంటే, దూరంగా డప్పు చప్పుడు. చూస్తే మాలకొండమ్మ! ఎనక పదిమంది ముత్తయిదువలు, నెత్తిన మూత పెట్టిన గంప. ఊరంతా ఎనకాలే వచ్చింది ఇదేం చోద్యమని. అసలు సంగతేందంటే, ఆ నెలలో ఆ ఉడత మాలకొండమ్మ ఇంట్లో పరుపు చించి దూది లాగింది, ఆరబోసిన చింతపండులో గింజలేరింది, ఉట్టి తాడు కొరికి పాలకుండ పగలగొట్టింది. ఓర్చి ఓర్చి, ఎట్టా పట్టిందో ఏమో పట్టింది. వాకిట్లో గంప దించి ఏమందంటే, "వదినా, శుభం! నీ కూతురు నీళ్ళోసుకుంది. తొలి పురుడు పుట్టింట్లోనే గదా, తీసుకొచ్చా" అంది.

నాంచారమ్మ అటక వైపు చూసింది. కళ్ళ ముందర గోతం కనపడింది. అది ఒక్కతే నాలుగో వంతు తింది, ఇప్పుడు కడుపుతో ఉంది, పిల్లలు పుడితే? వద్దంటే పది ఊళ్ళ వాళ్ళు ఏమంటారు, కూతురు పురుటికొస్తే తలుపేసుకున్న తల్లంటారు. ఎవురు చెప్పారు కూతురని? తానే చెప్పింది. పేరయ్య మూల నిలబడి నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకోని నవ్వుతుండాడు. సరేనని గంప మూత తీసింది. ఉడత పొట్ట నిజంగానే గుండ్రంగా ఉంది. దాన్ని చూసి, గంప అడుగు చూసి, ఉన్నట్టుండి నాంచారమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. "అయ్యో అయ్యో, ఇదేం మర్యాదమ్మా! కడుపుతో ఉన్న పిల్లని పుట్టింటికి పంపేటప్పుడు ఒడి నింపొద్దూ? ఖాళీ ఒడితో పంపారే!" అంది.

మాలకొండమ్మ తడబడింది. అది నిజమే గదా, ఒడి నింపకుండా యాడన్నా పంపుతారా? పక్కన పిల్లాడి చేతిలో పది కాయలుంటే తీసి గంపలో వేసి, ఉడత ఒడి ఎంతమ్మా, ఇయ్యి చాలవా అంది. "ఒడి ఉడతదే వదినా, మర్యాద మాత్రం ఊరిది. మా ఊరి కోడలని రేవులో పది మంది ముందర అన్నది ఎవురు? ఇంటి కోడలంటే ఇంటికి చాలు. ఊరి కోడలికి ఇంటికొక మానికన్నా రావొద్దూ?" అంది నాంచారమ్మ. ఇంక చూడు, ఈ ఊరి ఆడోళ్ళు అందుకున్నారు. వాగవతల మర్యాదలు ఇంతేలే, గొప్పలే గానీ గింజ రాలదులే అని ఒకటే ఎత్తిపొడుపులు. మాలకొండమ్మకి రోషమొచ్చింది. ఎనక్కి తిరిగి, "పదండే, ఇంటికి మానిక కాదు, రెండు!" అంది. పొద్దు తిరిగేసరికి వాగు నీళ్ళల్లోనించి వరసగా గంపలు. ఎన్నని చెప్పను, పొయ్యినదానికి రెండింతలు వచ్చింది కాయ. నాంచారమ్మ ప్రతి గంపకీ బొట్టు పెట్టి మరీ దించుకుంది.

మర్నాడే వాన. ఉడత గంపలోనే ఉంది. మొగుడూ పెళ్ళాం పొద్దు పొడిచినకాడినించి కూచోని కాయంతా వలిచారు, ఆ మర్నాడు రెండెకరాలూ విత్తారు, మిగిలింది చుట్టుపక్కలోళ్ళకీ ఇచ్చింది. ఇచ్చిందంటే నమ్మరు గానీ ఇచ్చింది. ఇంట్లో గింజ లేదు, ఇంకేం భయం అని అప్పుడు గంప మూత తీసింది. ఉడత తిన్నగా అటకెక్కి, ఆ ఖాళీ గోతంలోనే, పేరయ్య తుండుగుడ్డ చించి పరుచుకోని, మూడు పిల్లల్ని కనింది.

అప్పుడొచ్చింది తమాషా. పేరయ్య దగ్గితే, "బాలింత పడుకుంది, మెల్లిగా దగ్గు" అంటదంట. పిల్లి గోడెక్కితే రాయి తీసుకోని వీధి చివరిదాకా తరుముద్ది. నెల దాటినాక పేరయ్య కుండ కడిగి తెచ్చాడు, వాగు దాటిస్తానే అని. ఆషాఢంలో కూతుర్ని అత్తారింటికి పంపుతారా ఎవురన్నా అంది. శ్రావణంలో అడిగితే వాగు నిండుగా పోతంది, పసిపిల్లల్ని పెట్టుకోని ఎట్టా దాటుతది అంది. భాద్రపదంలో అడిగితే శూన్యమాసం అంది. తర్వాత దసరాకి కూతురు ఇంట్లో ఉండొద్దా అంది. ఆమెకి ఆశ పుట్టిందమ్మా. కొడుకులిద్దరూ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో. అటక మీద ఆ కిచకిచలు ఇంటుంటే ఆమెకి కడుపు నిండినట్టు ఉండేదంట. అవతల మాలకొండమ్మ ఊరుకోకూడదు గదా, మా కోడల్ని ఎప్పుడు పంపుతారూ అని నెలకోసారి కబురు చేసేది. చేసి, ఎక్కడ పంపుతారో అని వాగు వైపు చూస్తా కూచునేది.

పంట బ్రహ్మాండంగా వచ్చింది. మళ్ళీ మంచి కాయ ఏరి, ఎండబెట్టి, కొత్త గోతానికెత్తి, మూతి కుట్టి, అటక వైపు చూసింది నాంచారమ్మ. అప్పటికి చుట్టుపక్కల ఉడతలు కూడా వచ్చి చేరి, పైన పదకొండు తోకలు. గోతం వైపు చూసింది. మళ్ళీ తోకల వైపు చూసింది. గోతమెత్తి పేరయ్య నెత్తిన పెట్టి, ఈసారి తాటితోపు దగ్గిర ఆగకుండా ఎనకాలే నడిచి, వాగు దాటించి, మాలకొండమ్మ వాకిట్లో దించింది. ఇదేంది వదినా అని ఆమె బెదిరిపొయ్యి గోతం మూతి తడిమి చూసుకుంది, లోపల ఏమన్నా కదులుతుందేమోనని. "భయపడబాక, కాయలే. తొలకరిదాకా నీ అటక మీద పెట్టు వదినా. కూతురు నా ఇంట్లో ఉంటే ఉంది, దాని ఆస్తి అత్తారింట్లో ఉండొద్దూ?" అందంట నాంచారమ్మ.

పెట్టిందా అని అడుగుతారేంది. పెట్టక చస్తదా, వియ్యపురాలాయె.